పాలు పోసినవాళ్ల లెక్క

నేను రాసిన ప్రోగ్రాం వల్ల ఒక ఊరి పాలకేంద్రంలో పదిరోజుల బిల్లుకోసం ఫోనులో ఎక్కించిన లెక్క మొత్తం పోయింది. ఫోను నీళ్లలో పడలేదు, దొంగలెత్తుకుపోలేదు, బ్యాటరీ ఉబ్బలేదు. ప్రోగ్రాం తన పని తాను చేసింది. ఫోను కూడా తన నిబంధన ప్రకారమే నడుచుకుంది. ఆ నిబంధనని నేను ముందే చదివాను, అర్థం కూడా చేసుకున్నాను. కానీ దాని ఫలితం ఆ కేంద్రంలో పొద్దున్నా సాయంత్రం పాలు పోసే మనుషుల మీద ఎలా పడుతుందో ఆలోచించలేదు. ఫోన్లకి ప్రోగ్రాములు రాయడం మొదలుపెడుతున్న పిల్లలకి ఈ సంగతి వివరంగా చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

అది 2005 ప్రాంతం. ఐఫోను లేదు, ఆండ్రాయిడ్ ఫోను లేదు. చేతిలో ఇమిడే చిన్న ఫోన్లలో మనం రాసిన ప్రోగ్రాం నడవాలంటే ప్రధానంగా ఉన్న దారి జే2ఎంఈ, అంటే చిన్న పరికరాలకోసం సన్ మైక్రోసిస్టమ్స్ కుదించి ఇచ్చిన జావా. దానిలో రాసిన ప్రోగ్రాంని మిడ్‌లెట్ అనేవాళ్లం. జార్ అనే ఫైల్లో ప్రోగ్రాం ఉండేది. దాని పేరు, తయారుచేసినవాళ్ల పేరు, సైజు జాడ్ అనే చిన్న ఫైల్లో ఉండేవి. నోకియా సిరీస్ 40 తొలి ఫోన్లలో చాలావాటికి జార్ ఫైలు 64 కేబీ దాటకూడదు. తెర 128 చుక్కల వెడల్పు, 128 చుక్కల ఎత్తు. ఇవాళ ఫోనులో తీసే ఒక్క ఫొటోలో అలాంటి ప్రోగ్రాములు పదుల కొద్దీ పడతాయి.

నా ఉద్యోగం హైదరాబాదులో, ఫోను ఆటల్ని ఒక మోడల్ నుంచి ఇంకో మోడల్‌కి మార్చే పని. పోర్టింగ్ అనేవాళ్లం. ఒకసారి రాస్తే ఎక్కడైనా నడుస్తుందన్నది జావాకి ఉన్న పేరు. ఫోన్ల దగ్గర ఆ మాట నిలవలేదు. తెర కింద ఉండే ఎడమ, కుడి మీటలు నొక్కితే నోకియాలో −6, −7 అనే సంఖ్యలు వచ్చేవి, మోటరోలాలో −21, −22. ఒక ఫోనులో పాట, చప్పుడు కలిసి వినిపిస్తాయి. ఇంకోదానిలో ఒకటి మొదలైతే రెండోది ఆగిపోతుంది. బొమ్మలు విడివిడిగా ఉంటే ఒక్కో పీఎన్‌జీ ఫైలుకీ తలకట్టు (హెడర్) బరువు పడుతుందని అన్నిటినీ ఒకే పట్టీగా అతికించేవాళ్లం. ప్రోగార్డ్ అనే పనిముట్టుతో క్లాసుల పేర్లని ఒక్కో అక్షరానికి కుదించేవాళ్లం. కొన్ని వందల బైట్లు మిగిలితే ఆ రోజు గట్టిగా పనిచేసినట్టు. ఆ వాతావరణం నాకు చాలా నేర్పింది. దానితోపాటు ఒక అలవాటు కూడా అంటించింది. ఏ సమస్య వచ్చినా ముందు ఫోనుకేసి చూడటమే తప్ప, ఆ ఫోను పట్టుకున్న మనిషికేసి చూసే అలవాటు మాలో ఎవరికీ ఉండేది కాదు.

మా బాబాయి కృష్ణా జిల్లాలో ఒక ఊళ్లో పాలకేంద్రం నడిపేవాడు. నలభై దాకా ఇళ్లవాళ్లు పాలు పోసేవాళ్లు, దాదాపు అన్నీ గేదెపాలే. ఒకసారి పండక్కి వెళ్తే అడిగాడు: "ఒరే, కార్లు పరిగెత్తించే ఫోనులో నా పాల లెక్క పట్టదా?" పడుతుంది బాబాయ్ అన్నాను. ఎంతో ఉత్సాహంగా అన్నాను. రోజూ చేసే పోర్టింగ్ పనిలో ఎక్కడో ఎవరో తయారుచేసిన ఆటని మళ్లీ మళ్లీ కత్తిరించడమే. ఇది మా ఊరివాళ్లకోసం, నా చేతులతో మొదటినుంచీ కట్టే పని.

గేదెపాల లెక్క చూడ్డానికి తేలిగ్గా ఉంటుంది. లీటర్లని కిలోల్లోకి మార్చాలి. లీటరు పాలు 1.03 కిలోల దాకా తూగుతాయి. దాన్ని వెన్న శాతంతో గుణిస్తే ఎంత వెన్న పోశారో వస్తుంది. కిలో వెన్నకి డెయిరీ ఇచ్చే రేటుతో గుణిస్తే డబ్బు. 2.4 లీటర్లు, 6.7 వెన్న అనుకోండి. 165.6 గ్రాముల వెన్న. కిలో 200 రూపాయలైతే 33 రూపాయల 12 పైసలు.

ఆ చిన్న ఫోన్ల జావాలో, సీఎల్‌డీసీ 1.0లో, దశాంశ సంఖ్యలు లేవు. తరవాత వచ్చిన 1.1లో చేర్చారు. 1.0లో అన్నీ పూర్ణాంకాలతోనే నడపాలి. అందులో పెద్ద కష్టం లేదు. లీటర్లని మిల్లీలీటర్లుగా, రూపాయల్ని పైసలుగా పెట్టుకుంటే సరిపోతుంది. అయితే మధ్యలో ఎక్కడా భాగించకుండా చివరిదాకా గుణించుకుంటూ పోతే సంఖ్య 214 కోట్లు దాటేస్తుంది, 32 బిట్ల పూర్ణాంకంలో పట్టదు. 64 బిట్ల లాంగ్ వాడాలి. లాంగ్ నెమ్మది అన్న మాట ఆటల పనిలో నా తలకెక్కి ఉంది. అందుకని మధ్యలోనే భాగించి వెన్నని గ్రాముల్లోకి తెచ్చేశాను. పూర్ణాంకాల భాగహారంలో మిగిలింది రాలిపోతుంది. 165.6 కాస్తా 165 అయింది. 33 రూపాయల 12 పైసలు, 33 రూపాయలైంది.

అలా రాలిపోయేది సగటున అర గ్రాము, పది పైసలు. ఆటలో ఒక చుక్క అటూ ఇటూ అయితే ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ అలా కాదు. ఆ అర గ్రాము ఎప్పుడూ పాలు పోసేవాళ్ల వైపే తగ్గుతుంది, ఒక్కసారి కూడా పెరగదు. రోజుకి రెండు పూటలు, నెలకి అరవై. ఇంటికి ఆరు రూపాయలు, నలభై ఇళ్లకి రెండొందల నలభై. డెయిరీ మాత్రం బాబాయికి క్యాన్ల మొత్తం మీద పూర్తి లెక్కే ఇస్తుంది. అంటే ఆ తేడా బాబాయి పెట్టెలో ఆగుతోంది, ఆయనకి తెలియకుండానే.

పట్టుకున్నది ఒక పెద్దావిడ. డెయిరీవాళ్లు అచ్చువేసిచ్చిన రేటు పట్టిక కేంద్రం గోడకి వేలాడుతుండేది. ఆవిడ మనవడు పదో తరగతి. వాడిచేత చదివించి చూసి, "పట్టికలో పైసలున్నాయి, ఫోనులో లేవేం బాబూ?" అని బాబాయిని అడిగింది. ఆయన నాకు ఫోను చేశాడు. గొంతులో కోపం లేదు, భయం ఉంది. ఊళ్లో పాలకేంద్రం నడిపేవాడికి లెక్క తేడా వచ్చిందన్న మాట పుట్టిందంటే మర్నాటికి గేదెలు వేరే కేంద్రం వైపు తిరుగుతాయి. నేను లాంగ్‌కి మార్చాను. ప్రతి పూటా పైసల్లో భిన్నాన్ని కూడా ఉంచి, బిల్లు చివర్లో ఒక్కసారి సవరించేలా చేశాను. ఫోను నెమ్మదించిందేమోనని చూశాను. తేడా కంటికి తెలియనే లేదు. నలభై ఇళ్ల లెక్కకి ఆ ఫోను వేగం ఎప్పుడూ సమస్య కాదు.

అక్కడే ఆగి ఆలోచించాల్సింది. ఆలోచించకుండా తెలుగు పనిలో పడ్డాను. అలాంటి ఫోన్లలో తెలుగు యూనికోడ్ రాస్తే తెరమీద డబ్బాలు కనిపించేవి. గుణింతం, ఒత్తు ఎక్కడ కూర్చోవాలో వాటికి తెలియదు. అక్షరాలన్నీ బొమ్మలుగా పెట్టుకుని, ఏ హల్లు కింద ఏ ఒత్తు ఎన్ని చుక్కలు దిగాలో నేనే పట్టిక రాసుకున్నాను. కంప్యూటర్లో పోతన 2000 ఫాంటుని పెద్దగా పెట్టుకుని దాన్ని చూస్తూ పన్నెండు చుక్కల ఎత్తులో అక్షరాలు గీశాను. "క్ష్మి" సరిగ్గా రావడానికి పడ్డ శ్రమ నాకింకా గుర్తుంది. అక్షరాలు తెరమీద నిలిచిన రోజు కలిగిన ఆనందం నిజమైనది, దాన్ని కాదనను. కానీ పాలకేంద్రంలో పని నంబర్ల మీద నడుస్తుంది. బాబాయి క్యాను ముందు నిలబడి "ఇరవైమూడు, రెండూ నాలుగు, ఆరూ ఏడు" అంటాడు. ఆ ఫోను తెర ఆయన తప్ప ఎవరూ చూడరు. పేర్లు తెలుగులో కావాలని ఎవరూ అడగలేదు. ఏం కావాలని నేనూ అడగలేదు. అక్షరాల మీద పోయిన నెలలన్నీ వేరే పని మీద పెట్టాల్సింది. ఫోనులోకి వెళ్లిన లెక్క బయటికి ఎలా వస్తుందన్నదే ఆ పని.

జే2ఎంఈలో సమాచారం దాచే చోటు పేరు ఆర్.ఎం.ఎస్. ఫైళ్లు, ఫోల్డర్లు ఉండవు. బైట్ల వరసలు రికార్డులుగా పెట్టుకోవచ్చు, అంతే. ప్రతి ప్రోగ్రాంకీ దాని అర దానిది. ఇది ఫలానా ప్రోగ్రాం అర అని ఫోను గుర్తించేది జాడ్ ఫైల్లో ఉన్న ప్రోగ్రాం పేరు, తయారుచేసినవాళ్ల పేరు, ఈ రెండిటిని బట్టి. రెండూ కలిస్తే పాత ప్రోగ్రాంకి కొత్త కూర్పు వచ్చిందనుకుంటుంది. ఒక్క అక్షరం తేడా ఉన్నా వేరే ప్రోగ్రాం అనుకుంటుంది. ప్రోగ్రాంని తీసేస్తే దాని రికార్డులన్నీ దానితోపాటే పోతాయి. జే2ఎంఈ ప్రోగ్రాముల నియమాలు చెప్పే మిడ్‌పీ నిర్దేశపత్రంలో ఇది స్పష్టంగా రాసి ఉంది. నేను చదివింది ఈ వాక్యమే.

మొదటి కూర్పులో తయారుచేసినవాళ్ల పేరు దగ్గర నా పేరు పెట్టాను. లెక్క సరిచేసి, తెలుగు చేర్చిన కూర్పు వచ్చేసరికి స్నేహితుడూ నేనూ ఇలాంటి ప్రోగ్రాములు ఇంకా చేద్దామనుకుని ఒక సంస్థ పేరు ఎంచుకున్నాం. దాన్ని జాడ్‌లో రాశాను. ఆ ఒక్క వరస మార్పుతో బాబాయి ఫోను దృష్టిలో అది కొత్త ప్రోగ్రాం అయింది. పాతది అలాగే ఉండగా పక్కన ఇది ఎక్కబోయింది, జాగా చాల్లేదు. మెమరీ నిండింది, ఏదైనా తీసేయమని ఫోను అడిగింది. బాబాయి నాకు ఫోను చేసి, "పాతది తీసేయమంటావా?" అన్నాడు. "తీసేయ్ బాబాయ్, కొత్తదాంట్లో అన్నీ ఉన్నాయి" అన్నాను. తొలగిస్తే సమాచారం పోతుందని ఫోను ఇంగ్లీషులో ఒకసారి హెచ్చరించింది. నా మాట మీద నమ్మకంతో ఆయన సరే నొక్కాడు.

కంప్యూటర్‌లోని ఎమ్యులేటర్‌లో నేను ప్రతిసారీ ఖాళీ లెక్కతోనే పరీక్షించేవాణ్ని. తొమ్మిది రోజుల లెక్క లోపల ఉండగా కొత్త కూర్పు ఎక్కిస్తే ఏమవుతుందో ఒక్కసారీ చూడలేదు. మర్నాడే బిల్లు.

దీనికన్నా పెద్ద తప్పు అంతకు ముందే చేసి ఉన్నాను. పాలు పోసే ప్రతి ఇంటికీ ఒక కార్డు ఉంటుంది. పూటపూటా లీటర్లు, వెన్న శాతం అందులో కేంద్రం నడిపేవాడు రాసివ్వాలి. "ఫోనులో ఎక్కుతోంది కదా, కార్డులు రాయడం ఎందుకు బాబాయ్, రెండు పనులు" అని చెప్పింది నేనే. సగం ఇళ్లవాళ్లు ఒప్పుకోలేదు, కార్డు మీద రాస్తేగానీ కదలమన్నారు. వాళ్ల లెక్క దక్కింది. నా మాట విని ఊరుకున్నవాళ్ల చేతిలో ఏమీ లేదు. నమ్మినవాళ్లే నష్టపోవడం నన్ను చాలాకాలం వెంటాడింది.

ఆ రాత్రి బస్సెక్కి ఊరెళ్లాను. డెయిరీ వ్యాను ఇచ్చిన చీటీల్లో పూటకి మొత్తం ఎన్ని లీటర్లు, సగటు వెన్న ఎంత అన్నది ఉంది. కార్డులున్నవాళ్ల లెక్క అందులోంచి తీసేస్తే మిగతావాళ్లది మొత్తంగా వస్తుంది, ఎవరిదెంతో రాదు. బాబాయి ఇల్లిల్లూ తిరిగి, ఎవరెంత చెప్తే అంత రాసుకున్నాడు. ఎక్కువమంది తక్కువే చెప్పారు, గుర్తులేని పూట వదిలేయమన్నారు. కొందరు కాస్త పెంచి చెప్పారు. అన్నీ కలిపితే మొత్తం కొంత మించింది. ఆ తేడా నేనిస్తానన్నాను. "వాళ్లు పాలు పోసింది నా కేంద్రంలోరా, నీ ఫోనులో కాదు" అన్నాడు బాబాయి. ఆయనే పెట్టుకున్నాడు.

కార్డులు మర్నాటినుంచే మళ్లీ మొదలయ్యాయి. లెక్కని ఫోనులోంచి బయటికి తెచ్చే దారి వెయ్యడానికి మాత్రం చాలాకాలం పట్టింది. ముందు జీపీఆర్‌ఎస్ మీద, అంటే ఫోను ఇంటర్నెట్ మీద, పంపుదామనుకున్నాను. మీట నొక్కగానే నెట్‌వర్కుకి కలిపేలా రాశాను. బాబాయికోసం కొన్న కొత్త ఫోనులో అది నొక్కగానే బిగుసుకుపోయింది. డిజిటల్ సంతకం లేని ప్రోగ్రాం నెట్‌వర్కు వాడబోతే ఫోను అనుమతి అడగాలి. ఆ ప్రశ్నని తెరమీద చూపించాల్సిన థ్రెడ్‌ని నా నెట్‌వర్కు పిలుపు పట్టుకుని కూర్చుంది. జవాబు వస్తేగానీ అది వదలదు, అది వదిలితేగానీ ప్రశ్న కనపడదు. ఇలాంటి పని వేరే థ్రెడ్‌లో చెయ్యమని సన్ వాళ్ల వైర్‌లెస్ టూల్‌కిట్ పరీక్షించినప్పుడల్లా హెచ్చరిక ముద్రిస్తూనే ఉండేది. ఎమ్యులేటర్‌లో నడిచిపోతోంది కదా అని దాన్ని చూసీ వదిలేశాను. సరిచేశాక ఇంకో సంగతి తెలిసింది. పాలకేంద్రం దగ్గర జీపీఆర్‌ఎస్ అందితే అందినట్టు, లేకపోతే లేదు.

ఎస్సెమ్మెస్ మాత్రం అందేది. సభ్యుడి నంబరు, పాలు, వెన్న, మధ్యలో కామాలు. "23,24,67;" అంటే తొమ్మిది అక్షరాలు. ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ అయితే ఒక ఎస్సెమ్మెస్‌లో 160 పడతాయి, తెలుగు యూనికోడ్ అయితే 70. తొమ్మిది చొప్పున పదిహేడు ఇళ్ల లెక్క ఒకదానిలో పడుతుంది, నలభై ఇళ్లకి మూడు. పూట ముగియగానే మూడు ఎస్సెమ్మెస్‌లు పిన్ని ఫోనుకి వెళ్లేవి. ఆవిడది జావా లేని ఫోను. అయినా ఇబ్బంది లేదు. అంకెలు కంటితో చదవొచ్చు, కాగితం మీద ఎక్కించుకోవచ్చు. ప్రతి ఎస్సెమ్మెస్‌కీ ఫోను అనుమతి అడిగేది. బాబాయి విసుక్కోకుండా మూడుసార్లు నొక్కేవాడు. పండగ రోజుల్లో ఎస్సెమ్మెస్ ప్యాకులు చెల్లేవి కావు కాబట్టి సంక్రాంతికి మామూలు ధర పడేది. అదీ పెట్టుకున్నాడు. నేను రాసిన మొత్తం ప్రోగ్రాంలో ఆయనకి నిజంగా పనికొచ్చింది ఈ చిన్న ముక్కే. తెలుగు అక్షరాల పట్టికకంటే ఎన్నో రెట్లు చిన్నది.

తరవాత ఉద్యోగంలో నోకియా స్మార్ట్‌ఫోన్లని నడిపే సింబియన్‌కి మారాను. దాని కథ క్లుప్తంగా చెప్తాను. నోకియా 6600 కాలం సింబియన్‌కి రాసినవి, సింబియన్ 9.1తో వచ్చిన ఎస్60 మూడో ఎడిషన్ ఫోన్లలో నడవలేదు. మళ్లీ కట్టుకోవాలి, సంతకం చేయించుకోవాలి. పరీక్షకోసం తీసుకునే డెవలపర్ సర్టిఫికెట్ ఫలానా ఐఎంఈఐ ఉన్న ఫోన్లకే చెల్లేది. ప్రతి ప్రోగ్రాంకీ దాని సొంత రహస్య ఫోల్డరు, ఇంకో ప్రోగ్రాం మామూలుగా అందులోకి తొంగిచూడలేదు. ఆ భద్రత అవసరమే, అది లేని ఫోను ప్రమాదం. దాంతో లెక్క బయటికి తెచ్చే బాధ్యత ఇంకా గట్టిగా ప్రోగ్రాం రాసినవాడి మీద పడుతుంది, ఎందుకంటే ఇంకెవరూ తేలేరు. 2011 ఫిబ్రవరి 11న నోకియా విండోస్ ఫోను దారి పట్టింది. 2014 జనవరి 1 నుంచి సింబియన్ ప్రోగ్రాములకి కొత్త కూర్పులు తీసుకోవడమూ ఆపేసింది. వాటిలో రాసుకున్న నోట్సులు, లెక్కలు, పద్దులు ఎన్ని ఎక్కడ ఆగిపోయాయో.

ఇవాళ ఆండ్రాయిడ్‌లో కూడా యాప్ తీసేస్తే దాని సొంత జాగాలో ఉన్నదంతా పోతుంది. నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకి మొదటి వారం ఇచ్చే పని ఒక్కటే. యాప్‌లో ఏం చెయ్యబోతున్నారో తరవాత, ముందు అందులోని సమాచారమంతా మామూలు అక్షరాల్లో, కామాలతో, బయటికి ఇచ్చే మీట రాయమంటాను. లోపల నిజమైన లెక్క పెట్టి, పాత కూర్పు మీద కొత్తది ఎక్కించి, తీసేసి, వేరే ఫోనులోకి మార్చి చూపించమంటాను. సర్వర్లో ఉంటుంది కదండీ అంటారు వాళ్లు. సర్వరు అద్దె కట్టేది ఎవరు, ఎన్నాళ్లు కడతారు, అది ఆగిన రోజు నంబరు ఇరవైమూడు ఆవిడ ఎవరినడగాలి అని నేనడుగుతాను.

బాబాయి కొడుకు ఇప్పుడు కేంద్రం చూసుకుంటున్నాడు. పాలు పొయ్యగానే మిషను వెన్న చూసి, లెక్కకట్టి, చీటీ ముద్రించి ఇస్తుంది. అది థర్మల్ కాగితం, కొన్నాళ్లకి అక్షరాలు వెలిసిపోతాయి. చీటీతోపాటు కార్డు మీద పెన్నుతో కూడా రాసివ్వమని వాడికి చెప్పాను. పొద్దున రద్దీలో కుదరదన్నాడు. సాయంత్రం పూట మనుషులు తక్కువగా ఉంటారు కాబట్టి పొద్దుటిదీ అప్పటిదీ కలిపి అప్పుడే ఎక్కిస్తున్నాడు.